నాన్న పళ్లెం అరుగు మీద

మొన్న వాన వెలిసిన మర్నాడు మా వీధిలో మునిసిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ చల్లారు. తుపాను వెళ్లిపోయాక విశాఖ కంచరపాలెంలో ఇది మామూలే. నేను సెలవు మీద ఇంటికొచ్చి రెండు రోజులైంది. కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నా చేయి వెనక్కి వెళ్లి తలుపు రెక్క కోసం వెతికింది, మూసేయడానికి. ఇన్నేళ్లు గడిచినా చేతికి ఆ అలవాటు పోలేదు. ఒకప్పుడు ఆ వాసన వస్తే నాన్న వచ్చారని అర్థం. నాన్న వస్తే మేం తలుపు వేసేవాళ్లం.

నాన్న ఆసుపత్రిలో ఆక్సిజన్ గది మనిషి. డాక్టరు కాదు, నర్సు కాదు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని బడిలో అడిగితే "ఆసుపత్రిలో గాలి ఇస్తారు" అని చెప్పేదాన్ని. ఇప్పటికీ అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

ఆ గది ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే చోటు పక్కన ఉండేది. సెలవు రోజుల్లో క్యారియర్ తీసుకుని వెళ్లేదాన్ని. నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలతో నిలువెత్తు సిలిండర్లు రెండు వరసలుగా గోడకు గొలుసులతో కట్టి ఉండేవి. ఒక వరస వార్డులకు గాలి పంపుతుంటే రెండోది తన వంతు కోసం చూస్తుండేది. మీటరు ముల్లు కిందికి దిగుతున్నదనగా నాన్న రెండో వరసకు తిప్పి, ఖాళీవి విప్పి, నిండువి తగిలించేవారు. నిండు సిలిండర్‌ను ఎత్తడం మాటలు కాదు. నాన్న దాని మెడ పట్టుకుని కాస్త వాల్చి, అడుగు అంచు మీద గిర్రున తిప్పుకుంటూ ఒక్కరే నడిపించుకుపోయేవారు. గచ్చు మీద ఇనుము తిరిగే ఆ గరగర నాకు లాలిపాటలా అలవాటైపోయింది. కొత్తది తగిలించాక బిగింపు దగ్గర సబ్బు నురగ రాసి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. బుడగ లేచిందంటే గాలి ఎక్కడో వృథా పోతోందన్నమాట. ఇంట్లో కుక్కర్ దగ్గరైనా, సైకిల్ ట్యూబు దగ్గరైనా అదే చెవి, అదే శ్రద్ధ.

ఆ పనికి ఒక నియమం ఉంది. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె జిడ్డు తగిలితే మంట పుట్టవచ్చు. అందుకని డ్యూటీ ఉన్న రోజు నాన్న తలకు నూనె రాసుకునేవారు కాదు. ఉప్మా తిన్నా సరే, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని గాని బయలుదేరేవారు కాదు. నాయనమ్మకు ఇది తీరని బాధ. "తలకు చుక్క నూనె లేకుండా ఎండలో తిరిగితే ఏమైపోతావు బాబూ" అంటూ యాభై దాటిన కొడుకు వెనక కొబ్బరినూనె గిన్నె పట్టుకుని గేటు దాకా వచ్చేది. సెలవు రోజు మాత్రం ఆవిడదే రాజ్యం. నాన్నను అరుగు మీద కూర్చోబెట్టి, మాడు మీద అరచేత్తో తట్టి తట్టి నూనె ఇంకించేది. ఆ తపతప చప్పుడుకే తమ్ముడూ నేనూ నిద్ర లేచేవాళ్లం.

2020 మార్చిలో కరోనా భయంతో ప్రతి టీవీలోనూ చేతులు కడుక్కోవడం నేర్పుతుంటే అమ్మ నాన్న వంక చూసి నవ్వింది. ఆ నెలలో అమ్మ నవ్వడం అదే చివరిసారని నాకు గుర్తు.

* * *

జనతా కర్ఫ్యూ ఆదివారం. సాయంత్రం ఐదింటికి మా వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చి పళ్లాలు మోగించింది. నాయనమ్మ గరిటెతో ఇత్తడి పళ్లెం వాయిస్తూ "ఇది మా బాబు కోసం" అని అందరికీ చెప్పింది. అప్పుడు నాన్న డ్యూటీలో ఉన్నారు.

ఆ తరవాత మూడు రోజులకు దేశమంతా మూతపడింది. రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగిన వాళ్లం మేము. రైళ్ల చప్పుడును బట్టే పొద్దు ఎంత వెళ్లిందో తెలుసుకునేవాళ్లం. ప్రయాణికుల రైళ్లు ఆగిపోయి గూడ్సు బళ్లు మాత్రమే నడిచిన ఆ రోజుల్లో మా ఇంట్లో గడియారం చూడటం ఎక్కువైంది.

ఒక రాత్రి నాన్న ఇంటికి వచ్చి లోపలికి అడుగు పెట్టలేదు. గేటు దగ్గరే నిలబడి అమ్మను పిలిచి, అటక మీది తాతయ్య పళ్లెం, గ్లాసు దింపమన్నారు. పాత రోజుల స్టీలు. అంచున తాతయ్య పేరు చెక్కి ఉంటుంది. "ఇక నుంచి ఇవి నావి. మిగతా గిన్నెలతో కలపకండి" అన్నారు. అంతే. అంతకు మించిన వివరణ ఏదీ ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి అరుగే ఆయన ఇల్లు. స్కూటరు చప్పుడు వినగానే అమ్మ పెరటి పొయ్యి మీది వేడినీళ్లు బకెట్‌లో పోసి పక్కసందులో పెట్టి వచ్చేది. మేం వీధి తలుపు వేసేవాళ్లం. నాన్న చొక్కా, ప్యాంటు బ్లీచింగ్ నీళ్లలో నానేసి, అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవారు. పళ్లెం అప్పటికే అక్కడ సిద్ధంగా ఉండేది. ఆయన తింటుంటే మేం కిటికీ లోపలి నుంచి మాట్లాడేవాళ్లం. నెల తిరిగేసరికి నాన్న చొక్కాలన్నీ రంగు వెలిసి మచ్చలు పడ్డాయి. ముదురు నీలం చొక్కా ఒకటి ఆయనకు ఇష్టం. దాని మీద తెల్లటి మరకలు మేఘాల్లా పరుచుకున్నాయి. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు.

నాయనమ్మ ఆ ఏర్పాటుకు ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. తానే వేపరొట్ట తెప్పించి గేటుకు కట్టింది. తన చిన్నతనంలో ఊళ్లో అమ్మవారు పోసిన ఇంటికి ఇలాగే వేపాకు కట్టేవారట. అన్నం గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయేవారట. నాయనమ్మ అక్కకు అలా అమ్మవారు పోస్తే, ఈవిడ రోజూ వీధిలో నిలబడి గోడవతల ఉన్న అక్కతో గట్టిగా కబుర్లు చెప్పేదట. "ముట్టుకోకపోతే ఏమైందే, మాట వినిపిస్తే చాలదూ" అంది నాతో. రోజూ రాత్రి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి "తిన్నావా బాబూ" అని అడిగేది, ఆయన తింటూ ఎదురుగా కనిపిస్తున్నా సరే.

వీధిలో అందరూ నాయనమ్మలా లేరు. పళ్లాలు మోగించిన పక్షం రోజులకే మమ్మల్ని కుళాయి దగ్గరకు చివర్లో రమ్మన్నారు. పాలబ్బాయి ప్యాకెట్ గోడ మీద పెట్టి, డబ్బులు ముట్టుకోకుండా, నెలాఖరున చూసుకుందామన్నాడు. మా గుమ్మం ముందు నుంచి నడవడం మానేసి అవతలి సందులోంచి తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లకూ పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఖాళీ బిందెతో దూరంగా నిలబడి తన వంతు కోసం ఎదురుచూసిన మా అమ్మ ముఖాన్ని నేను మరచిపోలేదు. మరచిపోవాలని కూడా అనుకోవడం లేదు.

* * *

మే నెల మొదట్లో ఒక తెల్లవారుజామున ఫోన్లు మోగాయి. మా ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి విషవాయువు లీకైంది. లాక్‌డౌన్‌లో నిద్రపోతున్న జనం కళ్లు మండుతూ, ఊపిరాడక, పిల్లల్ని భుజాన వేసుకుని చీకట్లో పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. వందల మందిని ఆసుపత్రుల్లో చేర్చారు. ఆ రాత్రి నాన్నది నైట్ డ్యూటీ. మర్నాడు సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక స్నానం చేసి, పళ్లెం ముందు కూర్చుని, చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు. "చిన్నపిల్లలకు సరిపడే మాస్కులు చాలలేదు" అన్నారు చివరికి. అన్నం తినకుండానే చేయి కడుక్కున్నారు.

ఆ రోజు గురించి ఆయన మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.

* * *

జూన్‌లో ఒక్కొక్కటిగా అన్నీ తెరిచారు. గుళ్లు, హోటళ్లు, బట్టల కొట్లు. ఆటోల హారన్లు, కూరగాయల బండి కేక, ఇస్త్రీ బండి దగ్గర రేడియో, అన్నీ వెనక్కి వచ్చాయి. తమ్ముడి పదో తరగతి పరీక్షలను ముందు 11 పేపర్ల నుంచి 6కు తగ్గించారు, తరవాత పూర్తిగా రద్దు చేశారు. వాడు పరీక్ష రాయకుండానే పాసయ్యాడు. పక్కింటివాళ్లు మిఠాయి పంచారు. మా గోడ మీద కూడా ఒక పొట్లం పెట్టి వెళ్లారు. ఇక గండం గడిచిందని వీధిలో అందరూ అనుకున్నారు.

నాకు చెప్పాలని ఉన్నది ఈ కాలం గురించే. లాక్‌డౌన్ కష్టాల గురించి చాలామంది రాశారు. ఆసుపత్రి మనుషుల ఇళ్లలో మాత్రం అసలు కష్టం ఊరు తెరిచాక మొదలైంది. ఏప్రిల్, మే నెలల్లో నాన్న వార్డులో మంచాలు ఇంకా ఖాళీగా కనిపించేవి. జూలై ఆఖరుకు రాష్ట్రంలో రోజుకు 10 వేల కేసులు వచ్చాయి. జనం పెళ్లిళ్లకు, సంతలకు వెళ్లడం మొదలుపెట్టిన ఆ నెలల్లోనే నాన్న అరుగు మీది నుంచి కూడా దూరం జరిగారు. ఆసుపత్రిలోనే ఒక గదిలో పడుకుని మూడు రోజులకోసారి వచ్చేవారు. రోడ్డు మీద జనం పెరిగిన కొద్దీ అమ్మ మౌనం పెరిగేది. ఎవరైనా మాస్కు గడ్డం కిందకు లాగి నవ్వుతూ మాట్లాడుతుంటే ఆవిడ కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఆ రోజుల్లో మాకు దొరికిన ఒకే ఒక్క సంతోషం లెక్కలు. వింటే వింతగా ఉంటుంది. తమ్ముడికి లెక్కలంటే ప్రాణం. వాడి పరీక్ష పోయిందని బాధపడుతుంటే నాన్న అరుగు మీది నుంచి లెక్క ఇచ్చారు.

"పెద్ద సిలిండర్‌లో 7000 లీటర్లు. రోగికి నిమిషానికి 10 లీటర్లు. ఎంతసేపు వస్తుంది?"

"700 నిమిషాలు. పదకొండు గంటల నలభై నిమిషాలు" అన్నాడు వాడు కిటికీ లోపలి నుంచి.

"నిమిషానికి 60 లీటర్లు పోయే మిషన్ పెడితే?"

వాడు కాసేపు ఆగాడు. "రెండు గంటలు కూడా రాదు నాన్నా."

"ఒక వరసకు 10 సిలిండర్లు. ఒకే వరస మీద 40 మంది, ఒక్కొక్కరికి పదేసి లీటర్లు."

"మూడు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ" అన్నాడు. అన్నాక, తాను చెప్పింది ఏమిటో వాడికి అర్థమైంది. పదిహేనేళ్ల పిల్లవాడు కిటికీ ఊచల మధ్య నుంచి తండ్రి చేతుల వైపు చూశాడు. స్పానర్ తిప్పి తిప్పి అరచేతుల్లో కాయలు కాశాయి. మూడు గంటలకోసారి, పగలూ రాత్రీ, ఆ చేతులు ఏం చేస్తున్నాయో వాడికి ఆ లెక్క చెప్పింది. "నేను సరిగ్గా చేశానా?" అని అడిగాడు. "నూటికి నూరు" అన్నారు నాన్న.

* * *

2021 సంక్రాంతి వెళ్లగానే ఆసుపత్రి సిబ్బందికి టీకాలు మొదలుపెట్టారు. రెండో డోసు వేయించుకుని, ఆ పై వారాలు కూడా లెక్కపెట్టుకుని గాని నాన్న గడప దాటలేదు. ఆ పూట అమ్మ ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు చేసింది. నాన్న లోపలికి వచ్చి వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఏడాదిగా చూడని మా ఇంటి గోడలను, క్యాలెండర్‌ను, నా పుస్తకాల అరను ఒక్కొక్కటిగా చూశారు. నాయనమ్మ మాట్లాడకుండా నూనె గిన్నె తెచ్చింది. నాన్న తల వంచారు. తపతపతప. జుట్టు బాగా నెరిసిపోయింది. ఆవిడ చేయి మధ్య మధ్యలో ఆగడం, మళ్లీ తట్టడం, ఆ చప్పుడు నేను గది బయట నిలబడి విన్నాను.

మళ్లీ అరుగు మీదకు వెళ్లడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఏప్రిల్ వచ్చింది.

మా ఊరి ఉక్కు కర్మాగారంలో ఉక్కు కోసం తయారుచేసే ఆక్సిజన్‌ను దేశం మొత్తం అడిగింది. 7 ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ రైలు విశాఖ నుంచి మహారాష్ట్రకు బయలుదేరడం టీవీలో చూపించారు. నాన్న గర్వంగా చూశారు. ద్రవ ఆక్సిజన్ సున్నాకు 183 డిగ్రీల కింద మరుగుతుందని, ఒక్క లీటరు నుంచి 860 లీటర్ల దాకా గాలి వస్తుందని మాకు చెప్పారు. వాళ్ల ఆసుపత్రిలో ఆ ద్రవం నింపే ట్యాంకు పక్కన గొట్టాల మీద మే నెల ఎండలో కూడా తెల్లగా మంచు పేరుకునేదట. రాత్రి డ్యూటీలో దాన్ని చూస్తూ నిలబడేవారట. మంచు ఉన్నంతసేపు గాలి వెళుతున్నట్టే.

తరవాత మా ఇంట్లో ఫోన్లు మోగడం మొదలైంది. ఎప్పుడో పెళ్లిలో కలిసిన చుట్టాలు, నాన్న చిన్ననాటి స్నేహితులు, వాళ్ల స్నేహితులు. ఒక సిలిండర్, ఒక మంచం, ఒక్క మాట సాయం. మా గుమ్మం ముందు నుంచి నడవడం మానేసినాయన కూడా వచ్చి గేటు అవతల చేతులు జోడించి నిలబడ్డాడు, భార్య కోసం. అమ్మ ఆయనకు కుర్చీ వేసింది. పేర్లు, వయసులు, ఎక్కడున్నారు, ఊపిరి శాతం ఎంత, అన్నీ పాల లెక్క పుస్తకంలో రాసుకుంది. చేతికి అందిన కాగితం అదే. రాత్రి నాన్న ఫోన్ చేస్తే ఒక్కొక్క పేరూ చదివేది. నాన్న ఎవరికీ లేదని చెప్పలేకపోయేవారు. "కనుక్కుంటాను" అనేవారు. కొన్ని దొరికాయి. గేటు దగ్గరకు వచ్చినాయన భార్యకు దొరికింది. చాలా పేర్ల ఎదురుగా అమ్మ ఏమీ రాయలేదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై, ఒత్తిడి పడిపోయి, 11 మంది చనిపోయిన రాత్రి నాన్న ఇంట్లోనే ఉన్నారు. అరుగు మీద ఫోనులో ఆ వార్త చూశారు. చూసి లేచారు. డ్యూటీ తెల్లవారి ఆరింటికి. అర్ధరాత్రే చొక్కా వేసుకుని స్కూటరు తీశారు. అమ్మ గేటు దాకా వెళ్లి "ఏమండీ, ఇప్పుడు మీ వంతు కాదుగా" అంది. "మీటరు ఒకసారి చూసి వస్తాను" అన్నారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. మర్నాడు పోలీసులకు కార్డు చూపించి తమ్ముడే క్యారియర్ ఇచ్చి వచ్చాడు. దూరం నుంచి చూశాడట. నాన్న ట్యాంకు దగ్గర గట్టు మీద, మంచు పట్టిన గొట్టాలకు ఎదురుగా, కూర్చునే నిద్రపోతున్నారు. నిద్రలేపకుండా క్యారియర్ పక్కన పెట్టి వచ్చేశాడు.

* * *

నాయనమ్మ ఏటా చందనోత్సవానికి సింహాచలం వెళ్లేది. చందనం ఒలిచి అప్పన్న నిజరూపాన్ని చూపించేది ఏడాదికి ఆ ఒక్క రోజే. 2020లోనూ, 2021లోనూ స్వామి ఉత్సవం భక్తులు లేకుండానే జరిగింది. 2022లో మళ్లీ జనాన్ని రానిచ్చారు. నాన్న సెలవు పెట్టి ఆవిడను తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను.

క్యూలో జనం ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని నిలబడ్డారు. నాన్నకు చెమటలు పట్టాయి. ఎవరు దగ్గినా తల తిప్పి చూసేవారు. ఒక ముసలాయన ఆయాసపడుతుంటే ఆయన ఛాతీ వంక చూస్తూ పెదవులు కదుపుతున్నారు. శ్వాసలు లెక్కపెడుతున్నారని నాకు తెలిసింది. నాయనమ్మకు అది అర్థమైందో లేదో గాని, నాన్న మణికట్టు పట్టుకున్న చేయి గర్భగుడి దాకా వదల్లేదు. ఆ దర్శనం అయిన మరుసటి ఏడు నాయనమ్మ వెళ్లిపోయింది, నిద్రలో, తన మంచం మీద. నాన్న ఆవిడ తలకు నూనె రాశారు. ఆ పని తన చేతులతో చేయాలని అడిగి మరీ చేశారు.

పాల లెక్క పుస్తకం ఇంకా వంటింట్లోనే ఉంది. పాలు రెండు, పెరుగు ఒకటి, మధ్యలో ఆరు పేజీల నిండా పేర్లు, ఆ తరవాత మళ్లీ పాలు రెండు. ఆ పేజీలను అమ్మ చింపలేదు. ఎప్పుడైనా తిరగేస్తే అక్కడ ఆగుతుంది.

నాన్న రిటైరయ్యారు. ఇప్పుడు రోజూ తలకు నూనె రాసుకుంటారు. చెప్పులు మాత్రం గేటు దగ్గరే విడుస్తారు.

మొన్న బ్లీచింగ్ చల్లుతున్నామెకు యాభై ఏళ్లుంటాయి. చేతులకు తొడుగులు లేవు. పైట కొంగే ముక్కుకు అడ్డం. ఆ ఘాటుకు దగ్గుతోంది. నాన్న అరుగు మీది నుంచి లేచి, "తల్లీ, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి అటు నిలబడి చల్లమ్మా, ముక్కులోకి పోదు" అన్నారు. లోపలికి వెళ్లి, కొక్కేనికి తగిలించి ఉన్న పాత మాస్కు ఒకటీ, మంచినీళ్లూ తెచ్చారు. ఆమె అరచేతులు దోసిలి పట్టింది, పోయమన్నట్టు. నాన్న పోయలేదు. గ్లాసే చేతికిచ్చారు. ఆమె ఒక క్షణం తటపటాయించి, గడగడా తాగి, గ్లాసు తిరిగి ఇచ్చింది. తాతయ్య పేరున్న గ్లాసు. అమ్మ దాన్ని కడిగి, వంటింట్లో మా గ్లాసుల వరసలో బోర్లించింది.